ఇంటర్నెట్టులో ఊరి రచ్చబండ



నేడు నేను మనవి చేయబోవు విషయము పేరునకు క్రొత్తది, పనికి ప్రాతది. మన యూళ్లలో రావిచెట్టు క్రింద రాతిబండ యొకటి యుండెడిది. ప్రొద్దు వాలగనే పెద్దలచ్చట కూడి వానలను గుఱించియు, పైరులను గుఱించియు, పెండ్లిండ్లను గుఱించియు మాటలాడుకొనెడివారు. తగవు వచ్చిన నచ్చటనే తీరెడిది. దారిన పోవు పరదేశియు నొక గడియ కూర్చుండి ఊరి మంచిచెడ్డలు తెలిసికొని పోయెడివాడు. దానినే మనము రచ్చబండ యందుము. ఆ బండ నేటికిని పెక్కు గ్రామములలో నున్నది. కాని దానిపై కూర్చుండవలసిన వారిలో కొందఱు హైదరాబాదులోను, కొందఱు బెంగుళూరులోను, కొందఱు దుబాయిలోను, అమెరికాలోను ఉన్నారు. చెట్టు నీడ అంతదూరము పోదు. కావున ఇంటర్నెట్టులో నొక రచ్చబండను నిర్మించుకొనుట యెట్లు, దానిని వాడుకొనుట యెట్లు, చెడిపోకుండ కాపాడుకొనుట యెట్లు అను మూడు సంగతులను మీకు విన్నవించెదను.

ఇది నిన్న మొన్న పుట్టిన యాలోచన కాదు. 1978వ సంవత్సరము జనవరి మాసమున అమెరికాలోని చికాగో నగరమున గొప్ప మంచుతుఫాను వచ్చినది. ఇల్లు కదలలేని ఆ దినములలో వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ అను మిత్రు లిరువురు తమ కంప్యూటరు సంఘమువారు ఒకరికొకరు సమాచార మందించుకొనుటకు ఒక యేర్పాటు చేయ సంకల్పించిరి. గోడకు తగిలించిన బల్లపై చీటీలు గ్రుచ్చిపెట్టు నలవాటు మీరెఱిగినదే. అట్టి చీటీల బల్లనే వారు కంప్యూటరులో నమర్చిరి. ఫిబ్రవరి 16వ తేదీన అది జనుల కందుబాటులోనికి వచ్చినది. టెలిఫోను తీగమీదుగ ఒక్కసారి కొక్కరు మాత్రమే దానిని చేరగలిగెడివారు. ఒకరు చదివి లేచిన పిదపనే మఱియొకరి వంతు. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయమునందలి విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు యూజ్‌నెట్ అను పద్ధతిని తలపెట్టిరి. అందు ఒక్కొక్క విషయమున కొక్కొక్క చర్చాశాఖ యుండెడిది. 1990 దశకమున విదేశములనున్న తెలుగువారును అందు తమకొక శాఖ నేర్పఱచుకొని, తెలుగు లిపి కంప్యూటరులపై సులభముగ రాని ఆ దినములలో, ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు వ్రాసికొనుచు ముచ్చటించుకొనిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. అందు వ్రాయువారందఱును కూడి సంప్రతించుకొను పుటకు వారు పెట్టుకొన్న పేరేమి? రచ్చబండయే. కావున ఈ పని మన సంప్రదాయమునకు వెలియైనది కాదని తెలియవలెను.

ఇక రెండు మాటల యర్థము చెప్పి ముందునకు పోయెదను. సర్వరు అనగా వడ్డించునది యని యర్థము. అది యొక కంప్యూటరే. బంతిలో కూర్చున్నవా రడిగినదానిని వంటయింటినుండి తెచ్చి వడ్డించువానివలె, ఎవరి ఫోనునుండి యేది యడిగిన దానిని తనయొద్దనుండి తీసి యిచ్చుచు రేయింబవళ్లు మేలుకొని యుండును. ఫోరము అనగా సభ, చర్చాశాల. అందు ఒక్కొక్క విషయమునకు వేఱువేఱు శీర్షిక యుండును. ఆ శీర్షిక క్రిందనే ప్రత్యుత్తరములన్నియు వరుసగ చేరును. నేడు వాడుకలోనున్న సందేశముల గుంపు అట్టిది కాదు. గుంపులోని మాట పాఱు నీరు. ఫోరములోని మాట చెఱువులో నిలిచిన నీరు. పాఱు నీటికిని ఉపయోగము కలదు. కాని వేసవిలో పైరును నిలుపునది చెఱువే గదా!

ఈ భేదము నాకు పుస్తకమువలన తెలియలేదు, నష్టమువలన తెలిసినది. మా యూరి చెఱువునకు వాగునుండి నీరు తెచ్చు ప్రాతకాలువ యొకటి కలదు. పొలములమధ్య మెలికలు తిరిగి వచ్చును. కొన్నిచోట్ల పూడిపోయి గట్టునకును దానికిని భేదము తెలియకుండెను. దాని దారి పూర్తిగ నెఱిగినవాడు మా యూరి నీరటి తాత యొక్కడే. ఆయనకు ఎనుబదియేండ్లు దాటినవి. ఒక యేడు ఆయన మనుమడు తన ఫోనునందు తాతచేత ఆ దారినంతయు చెప్పించి, ఆ పలుకులను మా యూరి గుంపులోనికి పంపెను. ఏ తుమ్మచెట్టుకడ కాలువ మలుపు తిరుగునో, ఏ రాతికడ అడ్డుకట్ట యుండెడిదో, ఎవరి పొలమున అది రెండుగ చీలునో తాత విడమఱచి చెప్పెను. మేమందఱమును విని, చేతులు జోడించిన బొమ్మలు పంపి, సంతోషించి యూరకుంటిమి.

రెండేండ్లకు తాత గతించెను. ఆ పై యేడు వాగు పొంగినను చెఱువు నిండలేదు. కాలువను బాగుచేయుదమని ఆ పలుకులకై వెదకితిమి. మనుమని ఫోను బావిలో పడినదట. ఒకరు ఫోను మార్చిరి. ఒకరు చోటు చాలక అన్నియు చెఱిపివేసిరి. మిగిలినవారి ఫోనులలో అవి వేలకొలది శుభోదయముల క్రిందను, పండుగ బొమ్మల క్రిందను ఎచ్చటనో పూడిపోయినవి. పది దినములు త్రవ్వితిమి. సగము దారి దొరకినది. సగము నేటికిని దొరకలేదు. కాలువ మట్టిలో పూడినది, కాలువ దారి మాటలలో పూడినది. తాత చెప్పలేదని యెవ్వరు ననజాలరు. దాచుకొనుట మాకు చేతకాలేదు. ఆ దినముననే మా యూరికొక ఫోరము ఉండవలెనని నిశ్చయించుకొంటిమి.

నిర్మించుకొనుటకు రెండు దారులున్నవి. మొదటిది పరుల యింట నొక గది తీసికొనుట. రెండవది అద్దె స్థలములో మన యిల్లు మనము కట్టుకొనుట.

మొదటి దారికి డిస్కార్డు మంచి యుదాహరణము. అది 2015లో ఆటలాడుకొనువారి సౌకర్యార్థము వెలువడిన సాధనము. నేడు విద్యార్థి సంఘములును, వృత్తి సంఘములును వాడుకొనుచున్నవి. అచ్చట సర్వరు అను మాట నిజమునకు వేఱొక యంత్రమును తెలుపదు. ఆ సంస్థవారి యంత్రములలో మనకు చూపిన చోటు మాత్రమే. దానికి రుసుము లేదు. పదుమూడేండ్లలోపు పిల్లలు చేరగూడదు. ఫోనులోనో కంప్యూటరులోనో దానిని తెఱచి, ఈమెయిలు చిరునామాతో ఖాతా యేర్పఱచుకొని, ప్రక్కనున్న కూడికగుర్తును నొక్కి పేరు పెట్టిన సర్వరు సిద్ధమగును. అందు ఛానళ్లని గదులుండును. కొన్ని వ్రాతకు, కొన్ని మాటకు. క్రొత్తవారు చేయు పొరపాటొకటి కలదు. మొదటి దినముననే ఇరువది గదులు కట్టుదురు. పదునెనిమిదింటిలో బూజు పట్టును. మూడు చాలును. ప్రకటనల కొకటి, అందు నిర్వాహకులు మాత్రమే వ్రాయవలెను. సాధారణ సంభాషణ కొకటి. ప్రశ్నల కొకటి. పిదప జనము పెరిగినకొలది పెంచుకొనవచ్చును. 2022 నుండి అందు ఫోరమువలె శీర్షికలవారీగ చర్చ సాగు గదులును ఏర్పడినవి.

తరువాత హోదాలు. కరణమునకు కరణముపని, కాపునకు కాపుపని యుండునట్లు, ఎవరు వ్రాయవచ్చునో, ఎవరు తుడువవచ్చునో, ఎవరు క్రొత్తవారిని చేర్చవచ్చునో హోదానుబట్టి నిర్ణయింపవలెను. సమస్తాధికారములును గల హోదాను ఇద్దఱు ముగ్గురికంటె నెక్కువమంది కీయరాదు. ఇతరులను పిలుచుటకు ఆహ్వానపు లింకు నొకదానిని పంపవలెను. మార్చనియెడల అది కొన్ని దినములకు చెల్లకుండపోవును. ఆ లింకును బజారున పాఱవేయరాదు. ఎఱిగినవారికి మాత్రమే పంపవలెను.

ఈ దారి సులభము. కాని దీనియందొక లోపము కలదు. ఇల్లు మనది కాదు. అందలి మాటలన్నిటిని ఒక్క మూటగ కట్టి మఱియొక చోటికి తీసికొనిపోవుటకు సులభమైన యేర్పాటు అచ్చట లేదు. ఇంటివాడు తలుపు మూసిన నాడు మన సామానుల గతి యేమి? ఇది వట్టి భయము కాదు. యాహూ గుంపులలో తెలుగువారును భాషను గుఱించియు సాహిత్యమును గుఱించియు ఏండ్లకొలది చర్చలు సాగించిరి. 2019లో ఆ సంస్థ పుటలపైనున్న పాత వ్రాతలను తీసివేయ నారంభించెను. 2020 డిసెంబరులో గుంపులనే మూసివేసెను. ముందుగ నకలు తీసికొన్నవారికి దక్కినవి, తక్కినవారికి లేవు.

రెండవ దారి స్వంత ఫోరము. దీనికి నాలుగు వస్తువులు కావలెను. మొదటిది స్థలము, అనగా ఎల్లవేళల వెలుగుచుండు కంప్యూటరులో కొంత భాగము. దానిని నెలకింతయని అద్దెకిచ్చు సంస్థలు కలవు. రెండవది చిరునామా, దానినే డొమైను పేరందురు. దానిని కాలపరిమితితో తీసికొని, గడువు తీరకముందే రుసుము చెల్లించుచుండవలెను. మఱచిన యెడల మన పేరు పరుల పాలగును. మూడవది ఫోరము నడపు సాఫ్ట్‌వేరు. 2000లో ప్రారంభమైన పీహెచ్‌పీబీబీ, 2013లో వెలువడిన డిస్కోర్స్ అను రెండును స్వేచ్ఛగ వాడుకొనదగినవి. వీనికి వెల లేదు. పీహెచ్‌పీబీబీ చిన్న స్థలములోను ఇముడును. డిస్కోర్సునకు ఒక గిగాబైటు జ్ఞాపకశక్తి గల యంత్రమైన నుండవలెను. నాలుగవది ఈమెయిలు పంపు నేర్పాటు. సభ్యుడు చేరినప్పుడు అతని చిరునామా నిజమైనదో కాదో తెలిసికొనుటకు ఫోరము ఒక జాబు పంపును. ఆ జాబు చేరనిచో అతడు వాకిటనే నిలిచిపోవును. క్రొత్తగ కట్టువా రనేకులు అన్నియు నమర్చి యిచ్చటనే చిక్కుకొందురు. కావున పదిమందిని పిలువకముందే, ఊరిలో నొకరికిని ఊరి వెలుపల నొకరికిని జాబు పంపి, చేరినదో లేదో విచారించుకొనవలెను. చిరునామా మొదట తాళముగుర్తు గల భద్రమార్గము నమర్చుకొనవలెను. దాని ధ్రువపత్రమును ఉచితముగ నిచ్చు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను ఏర్పాటు కలదు.

ఇవి మీ చేతులతోనే చేయవలెనని నేననను. ఊరిలో చదువుకొన్న పిల్లలలో నొకడు రెండు సాయంకాలములలో చేయగలడు. కాని యతడేమి చేయుచున్నాడో మీకు తెలిసియుండవలెను. ఇల్లు కట్టువాడు మేస్త్రియే యైనను, పునాది యెచ్చట వేసెనో యజమానుడెఱుగకుండునా?

ఏ దారి మంచిదని మీరడుగవచ్చును. ఆటపాటలకును, అప్పటికప్పుడు మాటలాడుకొనుటకును మొదటిది చాలును. పది యేండ్లకు కావలసిన సంగతి యేదైన నున్నచో రెండవదానిలో నుంచుడు. రెండును పెట్టుకొన్నను తప్పులేదు.

ఇక వాడుకొను విధము. క్రొత్తగ చేరినవాడు మొదట చదువవలెను. సభలోనికి వచ్చినవాడు వాకిటనుండియే కేకలు వేయడు గదా! అడుగదలచిన ప్రశ్న ఇదివఱకే యెవరైన నడిగిరేమో వెదకవలెను. వెదకుటకు వేఱుగ నొక గడి యుండును. అడిగినప్పుడు శీర్షిక స్పష్టముగ నుండవలెను. ‘సహాయము కావలెను’ అని వ్రాసినచో ఎవ్వరికిని ఏమియు తెలియదు. ‘వేరుసెనగ ఆకుపై గోధుమరంగు మచ్చలు, విత్తి నలువది దినములు’ అని వ్రాసినచో తెలిసినవాడు వెంటనే నిలిచి చూచును. ఒక శీర్షిక క్రింద ఒకే విషయము నడుపవలెను. జవాబువలన పని నెఱవేఱినచో ఆ మాట మఱల వచ్చి వ్రాయవలెను. ఎందుకన, రేపు అదే చిక్కు వచ్చినవానికి అదియే దారి చూపును.

కోపమువచ్చినప్పుడు వ్రాయరాదు. రచ్చబండపై ఎదుటివాని ముఖము చూచి మాట తగ్గించుకొందుము. ఇచ్చట ముఖము కానరాదు, అక్షరము మాత్రమే కనబడును. అక్షరము చల్లాఱదు. అట్లే ఆధారు సంఖ్యను, బ్యాంకు పుస్తకమును, పట్టాదారు పాసుపుస్తకపు ఫొటోను సభలో పెట్టరాదు. ఫోనునకు వచ్చు ఓటీపీ అను రహస్యసంఖ్యను, నిర్వాహకుడే యడిగినను, ఎవ్వరికిని చెప్పరాదు. నిజమైన నిర్వాహకుడు దాని నడుగనే యడుగడు. ఎచ్చటనో విన్న వదంతిని విచారింపక తెచ్చి వేయరాదు. ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి అను రెండు ప్రశ్నలకు జవాబు లేని మాటను గడప దాటనీయకుడు.

మూడవది కాపాడుకొనుట. దీనిలో ముఖ్యమైనది కట్టుబాటు. ప్రారంభమున ఐదాఱు నియమములు తెలుగున సూటిగ వ్రాసి అందఱికి కనబడుచోట పెట్టవలెను. నియమము మీఱినవానికి మొదట హెచ్చరిక, పిదప కొన్నాళ్లు మౌనము, కడపట బహిష్కారము. ఈ క్రమము ధనవంతునకును బీదవానికిని ఒక్కటిగ నుండవలెను. ఆడువారును, అన్ని వాడలవారును నిర్భయముగ వ్రాయగలుగుచోటనే అది ఊరి సభ యగును. లేనిచో కొందఱి యరుగు మాత్రమే.

ఇచ్చట నా తప్పొకటి యొప్పుకొనవలెను. మా ఫోరము పెట్టిన మొదటి యేడు జాతర లెక్కలలో ఒక పద్దును గుఱించి ఒక యువకుడు ప్రశ్నించెను. ఆ లెక్కలు వ్రాసినవాడను నేనే. ఫోరమునకు నిర్వాహకుడను నేనే. పెద్దవాని నిలువదీయుటయా యని నాకు కోపము వచ్చి, ఆ ప్రశ్నను తొలగించితిని. అతడు మాఱు పలుకలేదు. కాని మఱల వ్రాయనును లేదు. అతనితోపాటు మఱి నలుగురును మానుకొనిరి. పదునైదు దినములు సభ నిశ్శబ్దముగ నున్నది. శాంతి యేర్పడినదని నేను సంతోషించితిని. అప్పుడు మా బావమఱది వచ్చి, “బావా, తాళపుచెవి నీ చేత నున్నంతమాత్రమున చావడి నీది కాదు. అది శాంతి గాదు, జనము లేచిపోయిన సద్దులేమి” అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డిస్కోర్సులో తొలగించిన వ్రాతను నిర్వాహకులు మఱల నిలుపవచ్చును. మఱునాడుదయమున నేనా ప్రశ్నను యథాస్థానమున నిలిపి, దాని క్రింద క్షమాపణము వ్రాసి, లెక్కలను మఱల కూడితిని. ఒకచోట కూడిక తప్పియే యున్నది. దొంగతనము లేదు, పొరపాటు. అడుగనిచ్చినందుననే అది పొరపాటని తేలినది. అడుగనీయకున్న దొంగతనమనియే ఊరంతయు నమ్మియుండును. నాటినుండి మా నియమములలో నొకటి చేర్చితిమి: నిర్వాహకునకు సంబంధించిన వివాదమున తీర్పు మఱియొక నిర్వాహకుడు చెప్పవలెను, తొలగించిన ప్రతి వ్రాతకును కారణము వ్రాయవలెను.

తుదకు నకలు సంగతి. ఫోరమునందలి వ్రాతలన్నిటికి క్రమము తప్పక నకలు తీయు నేర్పాటు కలదు. దానిని బ్యాకప్ అందురు. కాని ఆ నకలు అదే యంత్రములో నున్నచో, ఇల్లు కాలినప్పుడు ఇంటిలోని దస్తావేజు నకలుకూడ కాలినట్లే. నెల కొకమాఱైన దానిని వేఱొక చోటికి దింపుకొని, ఊరిలో నొకరియొద్దను ఊరి వెలుపల నొకరియొద్దను ఉంచవలెను. యేట నొకమాఱు ఆ నకలునుండి సభను మఱల నిలుపగలమో లేదో పరీక్షింపవలెను. విత్తనములు మొలచునో లేదో తడిగుడ్డలో కట్టి చూతుము గదా! పాస్‌వర్డులును, డొమైను గడువు తేదియు, అద్దె చెల్లించు ఖాతా వివరములును ఒక్కనికే తెలిసియుండరాదు. ఆ యొక్కడు ఉద్యోగమునకై దేశాంతరము పోవచ్చును, కాలము చేయవచ్చును. ఇద్దఱు ముగ్గురు నమ్మకస్థులకు తెలిసియుండవలెను. నీరటి తాత కథ మఱల జరుగరాదు.

పెద్దలారా! యంత్రము పిల్లల చేతిలోని దని మీరు దూరముగ నుండకుడు. యంత్రము నెఱిగినవారు పిల్లలు. అందు నింపవలసినదాని నెఱిగినవారు మీరు. ఏ చేనికి ఏ గట్టు హద్దు, ఏ బావి ఏ కఱవున ఎండినది, ఏ వాగు ఎంతవఱకు పొంగినది, ఏ తగవు ఏ మాటతో తీఱినది, ఇవి మీ నోట నున్నవి. పెద్ద ప్రయత్నమక్కఱలేదు. పదిమందితో మొదలిడుడు. ఈ వారము మీ మనుమనినో మనుమరాలినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ యూరి చెఱువునకు నీరు వచ్చు దారిని మొదటినుండి తుదివఱకు చెప్పి వ్రాయింపుడు. వ్రాసినదానిని మీరే యొకమాఱు చదివి దిద్దుడు. అదియే మీ సభకు మొదటి శీర్షిక యగుగాక. మా యూరి కాలువలో దొరకక మిగిలిన ఆ సగము దారికై మే మింకను వెదకుచునే యున్నాము.